మూల పెట్టె సామాన్లు

పోయిన నెలలో తిరుచానూరు నుంచి వస్తుంటే యాత్రికుల బస్సొకటి మా కారు తలుపును గీరుకుంటూ పోయింది. మాకేమీ కాలేదు గానీ తలుపు ఈ చివర నుంచి ఆ చివర దాకా లోపలికి నొక్కుకుపోయింది. తిరుపతిలో బండ్ల బాడీ పని చేసే ఒక పెద్ద షెడ్డుకు తీసుకువెళ్లాను. దాన్ని షెడ్డు అనకూడదేమో. నేల మీద నూనె చుక్క లేదు, రేకు మోగుతున్న చప్పుడు లేదు. మేస్త్రీ తలుపును చేత్తో ఒకసారి తడిమి, కొత్త తలుపు తెప్పించి బిగిస్తామన్నాడు. సొట్ట తీయరా అని అడిగితే, "అంత ఓపిక ఎవురికి ఉండాది సార్, మీకా, నాకా?" అని నవ్వాడు. అయినా గోడకు కొన్ని చేతి పనిముట్లు వేలాడుతున్నాయి. పాత అలవాటు కొద్దీ ఒక ఉలి తీసి చూశాను. సుత్తి దెబ్బలకు దాని తల నలిగిపోయి, అంచులు చుట్టూ విచ్చుకుని, పుట్టగొడుగు గొడుగులాగా కిందికి వంగి ఉన్నాయి. ఆ తల అరగదీసేదాకా దీన్ని ఎవరి చేతికీ ఇవ్వొద్దని మేస్త్రీకి చెప్పాను. ముసలాయన చాదస్తం అనుకుని ఉంటాడు, తలూపి దాన్ని మళ్లీ అదే మేకుకు తగిలించాడు. నేను అక్కడి కుర్చీలో కూర్చుని, మేకుకు వేలాడుతున్న ఆ ఉలి మీది నుంచి చూపు తిప్పుకోలేకపోయాను.

నేను దయ్యాలకు భయపడే మనిషిని కాను. శకునాలు, ముహూర్తాలు, దిష్టి, తాయెత్తులు, వీటి మీద చిత్తూరు జిల్లా ఊళ్లలో మైకు పట్టుకుని గొంతు పోగొట్టుకున్నవాణ్ణి. నా వ్యాసాలు చదివి తిట్టినవాళ్లు కూడా నాకు ధైర్యముందని ఒప్పుకుంటారు. వాళ్లు పొరబడ్డారు. నా వాదనలన్నీ భయంలోంచి పుట్టినవే. ఆ భయం నాకు మొదట అర్థమైంది చిత్తూరులో మా నాయన నడిపిన టింకరింగ్ షెడ్డులో, చావు చూసిన ఒక వ్యాను దగ్గర.

మా షెడ్డు వేలూరుకు పోయే రోడ్డు మీద ఉండేది. ముందు షెడ్డు, వెనక ఇల్లు, మధ్యలో ఒకటే గోడ. ఆ గోడకు అవతల రేకు మీద సుత్తి, ఇవతల మా అమ్మ పొయ్యి మీద సంగటి. కార్బైడు వాసన, థిన్నరు వాసన, ఉలవచారు వాసన కలిసిపోయి ఇంట్లో బట్టలకూ పక్కగుడ్డలకూ పట్టేసేవి. నాయన తెల్లవారుతూనే షెడ్డు వాకిలి ఊడ్పించి, ఒక గోనెపట్ట పరిచి దాని మీద సామాన్లు వరసగా పెట్టేవాడు. ప్రతి సుత్తినీ పిడి పట్టుకుని ఒకసారి గాలిలో ఆడించి, చెవి దగ్గర పెట్టుకుని, తల కదులుతోందేమో వినేవాడు. కదిలిన సుత్తిని ఆ రోజుకు పక్కన పెట్టేవాడు. అంత జాగ్రత్త మనిషి. మా అమ్మకు ఆ గోడ అవతల ఎవరు పనిచేస్తున్నారో దెబ్బను బట్టి తెలిసేది. నాయనది తొందర దెబ్బ, ఆమె తమ్ముడు మునిరత్నం మామది చిన్నచిన్న దెబ్బలు, వాన మొదలయ్యేటప్పుడు రేకు మీద పడే చినుకుల్లాగా. దెబ్బలు నడుస్తున్నంతసేపు ఆమె తన పని తాను చేసుకునేది. ఉన్నట్టుండి ఆగితే మాత్రం గరిటె చేతిలోనే పట్టుకుని షెడ్డులోకి వచ్చి నిలబడేది.

నేను కాలేజీ చదువు మధ్యలో వదిలేసి షెడ్డులో చేరిన ఏడు, నాకు సొంత సామాన్లు ఏరి ఇచ్చే బాధ్యత మామ తీసుకున్నాడు. బజారులో ఇనుప సామాన్ల అంగడికి తీసుకుపోయి, ముందు నన్నే ఎంచుకోమన్నాడు. నేను బరువైన సుత్తిని ఎత్తాను, మెరుస్తోంది కదా అని. ఆయన దాన్ని నా చేతిలోంచి తీసుకుని మళ్లీ గంపలో వేశాడు. రేకును కొట్టి గెలిచేది లేదట, సరిచేసి ఒప్పించేదేనట. సుత్తి మూతిని వేలితో రుద్ది చూపించాడు. దాని మీద గీత ఉంటే ప్రతి దెబ్బకూ ఆ గీత రేకు మీద పడుతుంది. పిడి కర్రలో ఈనెలు తలవైపు నిలువుగా పోవాలి, అడ్డంగా ఉంటే ఒకనాడు విరుగుతుంది. రేకు వెనక అదిమి పట్టే ఉక్కు దిమ్మలు తీసి ఒక్కొక్కటీ నా అరచేతిలో పెట్టి, కండ్లు మూసుకుని పట్టుకోమన్నాడు. చేతికి ఏది మరిచిపోయేంతగా కుదురుతుందో అదే నాదన్నాడు. ఉలిని మాత్రం రాతి మీద తట్టి విని, ఆకురాయితో తలను గీసి చూసి, చాలాసేపు ఏరాడు. మూతి గట్టిగా ఉండాలి, తల కొంచెం మెత్తగా ఉండాలి అన్నాడు. ఆకురాయి కూడా ఒకటి కొన్నాం. ఇంటికి వచ్చాక నాయన ప్రతిదాని మీదా నా పేరులో మొదటి అక్షరం చెక్కి, పసుపు పూసి ఇచ్చాడు. పసుపు తుడిచేసి తీసుకున్నాను. అప్పటికే సాయంత్రాలు హేతువాదుల చర్చా సంఘానికి పోతున్నాను, పళ్లపొడి అమ్మేవాడితో కూడా వాదించే వయసు.

ఆ షెడ్డులో, వెనక మూలన, తారు పూసిన ఇనప పెట్టె ఒకటి ఉండేది. దాన్ని మూల పెట్టె అనేవారు. మనిషి ప్రాణం పోయిన బండి పనికి వస్తే, దాన్ని ఆ పెట్టెలోని సామాన్లతోనే కొట్టాలి. మామూలు సామాన్లు ఆ బండిని తాకకూడదు. పెట్టెలోవి ఇంకే బండినీ తాకకూడదు. ఒకసారి ఆ పెట్టెలో పడినది తిరిగి రాదు. మా ఊళ్లో అన్ని షెడ్లలోనూ ఇలాంటి పెట్టె ఏదో ఒకటి ఉండేది. పెళ్లికారు సొట్ట తీయించుకోవడానికి వచ్చినవాళ్లు, ఆ పెట్టె సుత్తి తగల్లేదు కదా అని నాయనను మొగం మీదే అడిగేవారు. ఆయన తన సుత్తి చూపించి దేవుడి మీద ఒట్టు వేసేవాడు. ఇందులో ఇంకో సంగతి ఉంది. ఆ పెట్టె కోసమని ఎవరూ ఏ సామానూ కొనేవారు కాదు. కొంటే ముందుముందు రాబోయే చావులకు సిద్ధపడినట్టే. కాబట్టి పిడి వదులైన సుత్తి, నలిగిన ఉలి, పళ్లు పోయిన కత్తెర, నాయన చెవి దగ్గర పెట్టుకుని పక్కన పెట్టేసినవన్నీ చివరకు అందులోకి చేరేవి.

నేను చేరకముందే ఆ పెట్టె మామ కుడి కన్నును తీసేసుకుంది. లారీ గుద్దిన ఒక జీపును విప్పుతుంటే ఏదో ఎగిరి కంట్లో పడింది. వేలూరులో కంటి డాక్టరు దాన్ని బయటికి తీశాడు గానీ చూపు తేలేకపోయాడు. ఆ ముక్కను దూదిలో చుట్టి ఇస్తే అమ్మ దాన్ని బావిలో వేయించింది. దానికి ముందు నేను చూశాను. బియ్యపు గింజంత లావు, బూడిద రంగు, ఒకవైపు మెరుపు. జీపులో పోయిన మనిషి కోపం తీర్చుకున్నాడని ఊరంతా అనుకుంది. మామ కూడా అలాగే అనుకున్నాడు. తల ఒకవైపు తిప్పి, మిగిలిన కంటితో సుత్తి పడే చోటును చూసుకుంటూ పని చేయడం నేర్చుకున్నాడు. నేను ఆయన పక్కన కూర్చుని ఆ ఒక్క కన్నును చూసేవాణ్ణి. ఎండకు నీరు కారినా, దుమ్ము పడి ఎర్రబడినా తడిగుడ్డ తెచ్చి ఇచ్చేవాణ్ణి.

ఆ వ్యాను ఒక శుక్రవారం వచ్చింది, లారీ వెనక గొలుసుతో కట్టి ఈడ్చుకొచ్చారు. అందులో తిరుమల కొండకు పోయి వస్తున్న కుటుంబం. చంద్రగిరి దాటాక ఆగి ఉన్న లారీని గుద్దింది. డ్రైవరు అక్కడికక్కడే పోయాడు. ముందు భాగమంతా స్టీరింగు మీదికి ముడుచుకుపోయి ఉంది. ఎవరో బక్కెట్లతో నీళ్లు పోసి కడిగారు, అయినా సీటు కింద నుంచి చందనం, పెట్రోలు, ఇంకొకటి, మూడూ కలిసిన వాసన. నలిగిన డబ్బాలో ప్రసాదం లడ్డు చితికిపోయి ఉంటే చీమలు పలుకులు మోసుకుంటూ అద్దం పగిలిన సందులోంచి వరసగా బయటికి వస్తున్నాయి. నాయన టెంకాయ కొట్టించి, మూల పెట్టె తెరవమన్నాడు. నలిగిన రేకును తెగ్గొట్టాలి. పెట్రోలు గొట్టం పక్కనే ఉంది కాబట్టి గ్యాసు మంటతో కోయడానికి లేదు. ఉలితోనే కోయాలి. ఆ పని ఊళ్లో మామకు తప్ప ఇంకెవరికీ చేతకాదు.

మూత తీసింది నేనే. తుప్పు వాసన కొట్టింది. పైనే ఉంది ఆ ఉలి. తల విచ్చుకుని, అంచులు పగుళ్లిచ్చి, దెబ్బ పడితే రాలడానికి సిద్ధంగా ఉంది. ఒక చోట మాత్రం అంచు లేదు. బియ్యపు గింజంత మేర కొరికేసినట్టు ఊడిపోయి ఉంది. దూదిలో చుట్టి ఇచ్చిన ముక్క గుర్తొచ్చింది. జీపు రేకు అంత లావు ఉండదు. జీపు రేకైతే దాని మీద రంగు ఉంటుంది. మామ కంట్లోంచి తీసిన ముక్క మీద రంగు లేదు. అది జీపుది కాదు, చచ్చిపోయిన మనిషిది అంతకన్నా కాదు. ఈ ఉలి తలది. చావు బండికి మంచి సామాను తాకకూడదని, అన్నిటికన్నా ప్రమాదమైన పనికి అన్నిటికన్నా చెడిపోయిన సామాన్లు వాడుతున్నారు. దెబ్బ తగిలితే అదిగో చూడండి బండి పగపట్టిందంటున్నారు. అప్పుడు పెట్టెకు ఇంకా భయపడుతున్నారు, ఇంకా పాడైనవి అందులో వేస్తున్నారు. ఆ రోజు దాకా నేను మూఢనమ్మకం అంటే తెలివితక్కువతనం అనుకునేవాణ్ణి. అది మనుషుల కండ్లు తినే యంత్రమని ఆ పెట్టె దగ్గర చూశాను.

ఉలిని నాయన చేతిలో పెట్టి అంతా చెప్పాను. ఆయన దాన్ని తిప్పి చూశాడు. ఆయనకు అర్థం కాలేదని నేను అనుకోను. అరగదీద్దామన్నాను. మన సానరాయికి ఆ ఉలి తగిలితే రాయి కూడా ఆ పెట్టెదే అవుతుందన్నాడు. నా ఆకురాయికైనా అంతే. కొత్తది కొందామన్నాను. గుమ్మంలో నిలబడిన అమ్మ చెవులు మూసుకుంది. చివరకు మామూలు సామాన్లతోనే చేద్దామన్నాను, సంఘంలో మాట్లాడినట్టు పెద్ద గొంతుతో.

"మీటింగుల్లో ఏమన్నా మాట్లాడుకో, నేను అడ్డం రాలేదు," అన్నాడు నాయన. "ఆ బండిని కొట్టిన సుత్తిని రేపు ఎవురి బండి మీద పెట్టేది? నిన్ను సూసి వస్తా ఉండారా జనం ఈడికి?"

అద్దాలు పెట్టుకోమని మామను అడిగాను. చెమటకు అద్దం మసకబారితే ఉన్న కన్ను కూడా లేనట్టేనన్నాడు. అప్పుడు ఆయన కాళ్ల దగ్గర కూర్చుని మెల్లగా, ఒక్కొక్క మాటా ఏరుకుంటూ చెప్పాను, కన్ను పోగొట్టింది ఇదీ అని. ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు.

"నువ్వు సెప్పేది నిజమే అనుకో అల్లుడా. అబద్దమైతే? మంచి సుత్తితో దీన్ని కొట్టి, అదే సుత్తితో రేపు ఇస్కూలు బండి కొట్టినాననుకో. ఆ పిలకాయలకు ఏమన్నా అయితే ఎవురు జవాబు సెప్పేది? నాకు పోతే ఒక కన్నే గదా."

ఆయన తన కోసం భయపడటం లేదు. ఎవరో ముక్కూ మొగం తెలియని పిల్లల కోసం, లేని ప్రమాదానికి, ఉన్న కన్నును పణంగా పెడుతున్నాడు. తెలివితక్కువవాడితో వాదించొచ్చు, మంచివాడి భయంతో ఎలా వాదించేది?

ఆయన అప్పటికే ఆ ఉలి చేతిలోకి తీసుకుని లేచాడు. నేను గోనెపట్ట దగ్గరికి పోయి నా సామాన్లు, ఆయన ఏరి ఇచ్చినవి, సుత్తులు, దిమ్మలు, ఉలి, ఆకురాయి, అన్నీ ఒడిలో పోసుకొచ్చి మూల పెట్టెలో కుమ్మరించాను. ఇనుము మీద ఇనుము పడిన చప్పుడుకు షెడ్డులో అందరూ తిరిగి చూశారు. ఒకసారి పెట్టెలో పడినది పెట్టెదే. వాళ్ల నియమం ప్రకారం ఇప్పుడవి ఆ బండిని తాకొచ్చు, ఇంకే బండినీ తాకవు. నాయన చెయ్యి పైకెత్తాడు, కొట్టలేదు. అమ్మ ఉన్నచోటే కూలబడింది.

"నీ పేరు చెక్కి ఉండాది గదరా వాటి మీద," అంది. "నీ పేరే వేసినావు గదరా దాండ్లో."

ఆ క్షణంలో నాకు కలిగిన భయాన్ని ఎన్నో ఏండ్లు ఎవరికీ చెప్పలేదు. నేను నమ్మలేదు. నమ్మకపోయినా భయపడ్డాను. పుట్టినప్పటి నుంచి పీల్చిన గాలి ఏ పుస్తకంతోనూ ఒక్కసారిగా బయటికి పోదు. ఇంకో భయం కూడా ఉంది, అది నిజమైనది. రేపు నేను సైకిలు మీద నుంచి జారిపడినా, నాకు జ్వరం వచ్చినా, ఊరు ఊరంతా దాన్ని చూపించి చెప్పుకుంటుంది. నాకు జలుబు చేసే హక్కు కూడా లేకుండా పోయింది. ఆ తర్వాత చాలాకాలం రోడ్డు దాటేటప్పుడు రెండు వైపులా చూసి, మళ్లీ మొదటి వైపు చూసి దాటేవాణ్ణి.

మామ ఒంగి, పాత ఉలిని అందులో పడేసి నా ఉలిని తీసుకున్నాడు. సుత్తి కూడా నాదే. నేను నలిగిన రేకును పటకారుతో పట్టుకుని ఆయన ఎదురుగా కూర్చున్నాను. నా మొగానికీ ఉలికీ మధ్య జానెడు కూడా లేదు. ఆయన మొదటి దెబ్బ వేసినప్పుడు నేను కండ్లు మూసుకున్నాను. తెరిచి చూస్తే ఆయన ఎడమ కన్ను రెప్ప వేయకుండా ఉలి మూతినే చూస్తోంది. అమ్మ లేచి లోపలికి పోయింది గానీ గోడ అవతల గిన్నెల చప్పుడు లేదు. వంట మానేసి దెబ్బలు వింటోందని నాకు తెలుసు. ప్రతి దెబ్బకూ నా మనసులో ఒకటే లెక్క నడిచింది. ఉక్కులో నాకు కనబడని పగులుంటే? నా తర్కమే తప్పయితే? నేను చెప్పిన మాట మీద ఈయన గుడ్డివాడైతే ఏ సంఘం వచ్చి చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది? విశ్వాసికి ఇలాంటప్పుడు దేవుడున్నాడు, తప్పు ఆయన మీద వేయొచ్చు. నా తప్పు మొయ్యడానికి నాకు నేను తప్ప ఎవరూ లేరు.

సగం కోశాక టిక్‌మని ఏదో ఎగిరింది. మామ తల వెనక్కి పోయింది. చెంప మీద, ఎడమ కంటికి కిందుగా, చిన్న నెత్తురు బొట్టు. దెబ్బలు ఆగిపోయాయి. అమ్మ పరుగెత్తుకుంటూ వచ్చి గుమ్మం పట్టుకుంది. నాయన ఉన్నచోటు నుంచి కదల్లేకపోయాడు. మామ చెంప తడుముకుని, అక్కడ అంటుకున్నదాన్ని రెండు వేళ్లతో తీసి, కంటికి దగ్గరగా పెట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. తర్వాత వేళ్ల మధ్య నలిపాడు. అది పొడి అయిపోయింది.

"రంగు పెచ్చురా," అన్నాడు. మా అమ్మ వైపు తిరిగి మజ్జిగ అడిగాడు, తాగి, మళ్లీ సుత్తి ఎత్తాడు.

ఆ వ్యాను పని ముగిసి పోయింది. నాయన నాకు వేరే సామాన్లు కొనివ్వలేదు, నేనూ అడగలేదు. అప్పటి నుంచి చావు చూసిన బండ్లు మామవీ నావీ అయ్యాయి. పెట్టెలో ఇప్పుడు ఆకురాయి కూడా ఉంది కాబట్టి ప్రతి పనికి ముందు ఉలి తలలు అరగదీసేవాణ్ణి. నేను షెడ్డు వదిలి రాతల్లో పడేదాకా ఆ పెట్టె ఎవరినీ గాయపరచలేదు. అయితే ఊరు దీన్ని ఎలా అర్థం చేసుకుందో విన్నప్పుడు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. మేనల్లుడు తన సామాన్లు అర్పించాడు కాబట్టి చచ్చినవాళ్లు శాంతించారట. కొన్నాళ్లకు వేరే షెడ్లలో కూడా, కొత్త టింకరు చేరితే తన సామాన్లలో మంచిదొకటి మూల పెట్టెకు ఇవ్వాలనే ఆచారం పుట్టింది. మూఢనమ్మకాన్ని నరకబోయి దానికి ఒక కొత్త కొమ్మ అంటుగట్టాను. సంఘంలో మిత్రులు నన్ను నిలబెట్టి అడిగారు, లొంగిపోయావా అని. లొంగిపోలేదన్నాను, గెలిచానని కూడా అనలేకపోయాను. ఆ షెడ్లలో మనుషుల చేతుల్లోకి మాత్రం మంచి ఉలులు వచ్చాయి.

ఇప్పుడు చావు చూసిన బండ్లను ఎక్కడో వేలం వేసేస్తారు, ఏ ఊళ్లో ఎవరు నడుపుతున్నారో ఎవరికీ తెలియదు. గుద్దితే గాలి సంచులు తెరుచుకునే కార్ల చక్రాల కింద నిమ్మకాయలు మాత్రం అలాగే నలుగుతున్నాయి. అప్పటి భయానికి ఒక మూల, ఒక పెట్టె, ఒక మూత ఉండేవి. మూత తీసి లోపల ఏముందో చూడగలిగాను. ఇప్పటి భయం ఫోన్లలో, జాతకాల యాప్‌లలో తిరుగుతోంది. దాని మూత ఎక్కడుందో వెతుక్కునేసరికి అది ఇంకో రూపంలో వచ్చేస్తోంది. నేను ఇంకా రాస్తూనే ఉన్నాను, ధైర్యం వచ్చి కాదు.

మామ పోయి రెండేళ్లవుతోంది. చివరి దాకా నా వ్యాసాలు పత్రికలో వచ్చినరోజు చిత్తూరులో వాకిట్లో మంచం వేసుకుని, తల ఒకవైపు తిప్పి, పూర్తిగా చదివేవాడు. చదివి ఒప్పుకున్నది ఒక్కటి లేదు. ఆఖరుసారి పోయినప్పుడు దిష్టి మీద నేను రాసింది చేతిలో ఉంది. చూపు ఎట్లుంది మామా అని అడిగాను. ఆయన పత్రిక మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు.

"అచ్చరాలు బాగానే కనబడతా ఉండాయి అల్లుడా," అన్నాడు. "నువ్వు రాసిన సంగతే సరిగా లేదు."